తెలిసిన కథకు ఎదురుచూపు

నెల్లూరు నుండి మైపాడు సముద్రతీరానికి వెళ్లే దారిలోని ఇందుకూరుపేట ప్రాంతానికి కథలు వినడం కొత్త కాదు. తోలుబొమ్మలాట, హరికథ, పద్యనాటకం ఇటువంటి పల్లెలకు తరతరాలుగా భారతాన్ని అందించాయి. వానలు కురవనప్పుడు విరాటపర్వం చదివించడం తెలుగునాట ఆచారం. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన పదమూడవ శతాబ్దంలో ఇదే నెల్లూరులో మనుమసిద్ధి ఆస్థానాన్ని అలంకరించినవాడు. కీచకుడు మరణిస్తాడని వినేవారందరికీ తెలుసు. అయినా మధ్యలో లేచిపోయేవారు కారు.

టెలివిజన్ ధారావాహిక గొప్పదనాన్ని కొలవడానికి ఆ శ్రోతలే ప్రమాణం. తరువాత ఏమవుతుందన్న ఉత్కంఠ ఒక్కటే కథను నిలబెట్టదు. ముడి విడిపోగానే కథ పాతబడుతుంది. ఏమవుతుందో తెలిసినా పాత్ర ఏమంటుందో వినాలనిపించడం ఉత్తమ కథకు లక్షణం. తిక్కన ఈ రహస్యం ఎరిగినవాడు. అవమానం పొందిన ద్రౌపది రాత్రివేళ వంటశాలలో భీముణ్ణి నిద్రలేపే ఘట్టంలో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటారు, అంతే. కోపం, నమ్మకం, అజ్ఞాతవాసం బయటపడుతుందన్న భయం అన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి.

బి.ఆర్. చోప్రా 'మహాభారత్' 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలై 1990 జూన్ వరకు 94 భాగాలుగా ప్రసారమైంది. సంభాషణలు రాహీ మాసూమ్ రజా రచించారు. హిందీ అంతగా రాని తెలుగువారు కూడా ఆదివారం ఉదయం టీవీ ఉన్న ఇంట చేరి చూశారు. ఆకాశంలో బాణాలు ఢీకొనే దృశ్యాలు నేటి కంటికి నవ్వు పుట్టించవచ్చు. కాని తన్ను తానోడినవాడికి తనను ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది నిండుసభను నిలదీసినప్పుడు ఎవరూ నవ్వరు. భీష్ముడంతటివాడు సూటిగా బదులు చెప్పలేక తల వంచుకుంటాడు.

పురాణమే కానక్కరలేదు. గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 వరకు సాగింది. హోటలు నడుపుకునే ఇద్దరు మిత్రులు, సులభంగా ధనవంతులు కావాలన్న ఆశ, చివరకు భంగపాటు. ఈసారీ దెబ్బతింటారని తెలిసే జనం చూశారు. ఆ దెబ్బ వారి స్వభావంలోంచే పుట్టేది.

దినదినం వచ్చే ధారావాహికలు అనేకం ఇందుకు విరుద్ధం. ఒక చెంపదెబ్బకు ఇంటిల్లిపాది ముఖాలనూ మూడేసి సార్లు చూపుతారు. నిద్రలోనూ పట్టుచీర విడవని అత్తగారి సంగతి అటుంచితే, అసలు లోపం ముగింపు లేకపోవడం. ఆదరణ ఉన్నంతకాలం సాగదీయడం, తగ్గగానే తెంచివేయడం. అందువల్ల పాత్ర నేడన్న మాటకు రేపు కట్టుబడదు. రోజుకు అరగంట చొప్పున ఏళ్ల తరబడి ఆ కథకు సమర్పించిన గృహిణికి, పక్కగదిలో పరీక్షలకు చదువుకునే పిల్లవాడికి, వారి కాలానికి బదులుగా ఏమిచ్చామని ఆలోచించే నిర్మాతలు అరుదు.

చోప్రా ధారావాహికకూ లోటు లేకపోలేదు. అది భీష్మ నిర్యాణంతో ఆగిపోయింది. యాదవుల వినాశం, పాండవుల మహాప్రస్థానం తెరకెక్కలేదు. తిక్కన స్వర్గారోహణపర్వం దాకా నడిచి, గెలిచినవారికి మిగిలిందేమిటో చూపాడు. అయినా 2020లో కరోనా వల్ల దేశమంతా ఇళ్లకు పరిమితమైనప్పుడు దూరదర్శన్ దానిని మళ్లీ ప్రసారం చేస్తే, 1990 నాటికి పుట్టనైనా పుట్టనివారు పెద్దల పక్కన కూర్చుని ద్యూతసభను చూశారు.