మన చేతిలోనివి, చేతిలో లేనివి



కార్తికమాసము వచ్చినదనగానే కోస్తా జిల్లాలలోని ఇల్లాండ్రకు దీపములతోపాటు తుఫాను భయము కూడ జ్ఞప్తికి వచ్చును. బిడ్డకు వచ్చు జ్వరము, భర్త యుద్యోగము, పొలము పంట మొదలైన వానివలెనే గాలివానయు మనల నడిగి రాదు, వలదనిన పోదు. అట్టివాని నెదుర్కొనుట యెట్లు?

1977 నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడెను. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి. సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే నెలలో దాదాపు అంతటి తీవ్రమైన తుఫానే మరల ఆ తీరమునకు వచ్చెను. కాని యీసారి ఉపగ్రహ చిత్రముల సాయమున దాని రాకను ముందుగనే తెలిసికొని, లక్షలకొలది జనులను మెరక ప్రదేశములకు చేర్చిరి. మృతుల సంఖ్య 1,000కి లోపుగనే నిలిచినది. గాలి బలము తగ్గలేదు. మనుష్యుల జాగ్రత్త పెరిగినది.

కావున చింత కలిగినప్పుడు మొదట వేసికొనవలసిన ప్రశ్న యొక్కటే: "దీనిలో నేను చేయగలిగిన దేమి?" తుఫాను హెచ్చరిక వినబడగానే మంచినీరు బిందెలలో నింపి మూతపెట్టుట, అటుకులు, అగ్గిపెట్టె, మందులు, పొలము దస్తావేజులు తడువకుండ మూటగట్టుట, పశువుల పలుపులు విప్పుట, వృద్ధులను గర్భిణులను ముందుగ పంపుట, ఇవి మన చేతిలోనివి. ఇవి ముగిసిన పిమ్మట, తుఫాను ఎచ్చట తీరము దాటునో యని రాత్రియెల్ల కుములుచు కూర్చున్నందువలన గాలి దిక్కు మారదు. మరునాటి పనికి ఒంటిలో శక్తి మాత్రము తగ్గును.

అయితే జాగ్రత్తపడిన వారికెల్ల మేలే కలుగునని చెప్పుట అసత్యము. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను తాకిన తుఫానులో వేటకు పోయిన జాలరు లనేకులు తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు లక్షలకొలది నేలకొరిగినవి. అట్టి కష్టము వచ్చిన యింటికి పోయి "అంతయు కర్మము" అనియో, "ముందే చూచుకొనవలసినది" అనియో పలుకుట పుండుపై కారము చల్లుట. ఆమెను ఏడువనిండు. పొయ్యి వెలిగించి నాలుగు మెతుకులు వండిపెట్టుడు. పిల్లలకు తల దువ్వుడు. మాటలాడకుండ ప్రక్కన కూర్చుండుడు. ఆమె దుఃఖమును తీసివేయుట మన చేతిలో లేదు. ఆమెను ఒంటరిగ విడువకుండుట మన చేతిలోనిదే.

కోనసీమవారు మరల కొబ్బరిమొక్కలు నాటిరి. అవి కాపునకు వచ్చుటకు కొన్ని యేండ్లు పట్టును. ఆ నడుమ నెన్ని గాలివానలు వచ్చునో వారికి తెలియదు. అయినను గోతులు త్రవ్విరి, నీరు పోసిరి. మనమును నేటి పనిని నేడు చేసి, తక్కినదానిని భగవంతునికి విడిచెదము గాక.