కిటికీ మూసినా వినవచ్చే వీధి

వీధి రొద గురించి ఈ శీర్షికలో వ్రాయవలసిందని పాఠకులు కొందరు కోరుతూ వచ్చారు. ఇంతకాలం వాయిదా వేస్తూ వచ్చిన మాకు, ఈ మధ్య కోల్‌కతాలో ఒక మిత్రుని ఇంట రెండు రాత్రులు నిద్రించవలసి రావడంతో ఆ అవసరం స్వయంగా బోధపడింది.

వారి వాటా దక్షిణ కోల్‌కతాలో, రాస్‌బిహారీ ఎవెన్యూ వైపు ముఖమున్న పాత భవనంలో, రెండవ అంతస్తులో ఉన్నది. సమీపంలోని లేక్ మార్కెట్ మన దక్షిణాది కుటుంబాలకు చిరపరిచితం. అందువలన ఆ ఇల్లు వదలుకొనడానికి వారికి మనస్సు రాదు. అయితే కుమార్తె పన్నెండవ తరగతి పరీక్షలకు చదువుకొంటున్న సంవత్సరం అది. రక్తపోటుతో బాధపడే వృద్ధమాత, వీధిలో లారీ కూత వినబడినప్పుడల్లా ఉలికిపడి లేచి కూర్చుంటారు. నగరంలో పగటివేళ భారీ సరకు వాహనాలపై ఆంక్షలు ఉండడం చేత, వాటి సంచారం రాత్రికి మళ్లుతుంది.

మిత్రులు అప్పటికే చేతనైనంత ఖర్చు చేసి ఉన్నారు. దళసరి తెరలు కట్టించారు. గోడలకు థర్మోకోల్ పలకలు అంటించారు. “అన్నయ్యగారూ, గాలి ఆగింది గాని హారన్ ఆగలేదు” అని వారి శ్రీమతి చెప్పినప్పుడు మాకు నవ్వు వచ్చినా, సమస్య సారాంశం ఆ ఒక్క మాటలోనే ఉన్నదనిపించింది.

ధ్వనిని పీల్చుకొనడం వేరు, అడ్డగించడం వేరు. తెర, పరుపు, తివాచీ వంటివి గదిలోనికి వచ్చిన ధ్వని గోడల మధ్య ప్రతిధ్వనించకుండా కొంత పీల్చుకొంటాయి. రానీయకుండా ఆపే శక్తి వాటికి లేదు. ఆపడానికి కావలసింది బరువు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెళ్ల ధ్వనిని తగ్గిస్తుంది. థర్మోకోల్‌లో బరువే లేదు గనుక అది అడ్డగించేదీ లేదు, పీల్చుకొనేది కూడా అత్యల్పం.

మరి అంత దృఢమైన గోడ ఉండగా రొద ఎట్లు వస్తున్నది? సందుల గుండా. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల రెండు రెక్కల కిటికీని తీసుకొందాము. చుట్టూరా, రెక్కలు కలిసే చోటా రెండున్నర మిల్లీమీటర్ల సందు ఉన్నదనుకొంటే, ఆ సందుల మొత్తం వైశాల్యం కిటికీ వైశాల్యంలో ఇంచుమించు నూటికి ఒక వంతు. నూటికి ఒక వంతు రంధ్రమున్న కిటికీ, దానికి ఎంతటి దళసరి అద్దం బిగించినా, 20 డెసిబెళ్లకు మించి ధ్వనిని ఆపజాలదు. అదే కిటికీని సందు లేకుండా మూయగలిగితే సాధారణమైన 4 మిల్లీమీటర్ల అద్దమే 27 దాకా ఆపుతుంది. ధ్వని 10 డెసిబెళ్లు తగ్గితే మన చెవికి సగమైనట్లు తోస్తుందని గుర్తుంచుకొంటే, ఏడు డెసిబెళ్ల విలువ తెలుస్తుంది. ఇందుకయ్యే ఖర్చు రబ్బరు పట్టీల ధర మాత్రమే.

సందు ఎక్కడ ఉన్నదో కనిపెట్టడానికి అగరువత్తి చాలు. ఫ్యాను ఆపి, వెలిగించిన వత్తిని మూసిన కిటికీ అంచుల వెంబడి మెల్లగా నడిపించాలి. పొగ వంకర తిరిగిన ప్రతిచోటా ధ్వనికీ దారి ఉన్నట్లే. (తెర అంటుకోకుండా చూసుకొనవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.) మిత్రుని ఇంట కిటికీల సంగతి అట్లుండగా, ఏసీ పెట్టె ప్రక్కన ఖాళీని పలుచని ప్లైవుడ్ ముక్కతో కప్పి ఉంచడం బయటపడింది. కిటికీలో అమర్చే రకం ఏసీ ఉన్న ఇండ్లలో ఇది సర్వసాధారణం. దళసరి పలకను రెండు పొరలుగా బిగించి అంచులకు పుట్టీ పెట్టించాము. ప్రక్కకు జరిపే అల్యూమినియం కిటికీలున్నవారు ఒక విషయం గమనించాలి: జరుగుటకు వీలుగా వాటిలో కొంత వదులు తప్పదు. రెక్క చట్రానికి ఒత్తుకొని మూసుకొనే కిటికీయే ధ్వని విషయంలో మేలు.

ఇక కోల్‌కతాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. అక్కడి పాత ఇండ్లకు ‘ఖొడ్‌ఖొడి’ అనే వాలు పలకల చెక్క తలుపులు ఉంటాయి. ఎండను, వానను ఆపి గాలిని మాత్రం లోనికి పంపే ఆ ఏర్పాటు ఉక్క వాతావరణానికి ఎంతో తగినది. ఆ నగరంలో 1873లో గుర్రపు ట్రాములు, 1902లో విద్యుత్ ట్రాములు మొదలైననాటి వీధికి అది సరిపోయి ఉండవచ్చు. నేటి హారన్ల వీధికి చాలదు. గాలి పోయే దారిలో ధ్వనీ పోతుంది. దక్షిణపు గాలి కోసం ఆ దిక్కు గదికి అంత గిరాకీ ఉన్న ఊరిలో కిటికీలన్నీ బిగించుకోమని చెప్పడం మాకు న్యాయంగా తోచలేదు.

అందుచేత ఇల్లంతా కాక, ఒక్క గదిని ఎంచుకొన్నాము. పగలు అమ్మాయి చదువుకు, రాత్రి పెద్దావిడ నిద్రకు అదే గది. పాత భవనం కావడం ఇక్కడ కలిసివచ్చింది. గోడ మందం ఎక్కువ గనుక, వీధి వైపునున్న ఖొడ్‌ఖొడిని, దాని వెనుకనున్న అద్దపు రెక్కలను కదల్చకుండా, గోడ లోపలి అంచున 6 మిల్లీమీటర్ల అద్దంతో మరొక జత రెక్కలు అమర్చగలిగాము. రెండు అద్దాల నడుమ ఐదంగుళాల ఖాళీ మిగిలింది. ఫలితమిచ్చేది ఈ ఖాళీయే. దుకాణాలలో దొరికే జంట అద్దాల పలకల నడుమ ఎడం సెంటీమీటరు, ఆ పైన కొంచెం మాత్రమే ఉంటుంది. అది వేడిని ఆపినంతగా లారీ ఇంజను గురగురను ఆపదు. రెండు అద్దాల మందం వేరుగా ఉంచడానికీ కారణమున్నది. ప్రతి అద్దమూ తన మందాన్ని బట్టి ఒక స్థాయి ధ్వనికి లొంగిపోతుంది. 4 మిల్లీమీటర్ల అద్దానికి అది సెకనుకు 3000 కంపనాల ప్రాంతం, అంటే హారన్ తీక్షణంగా కూసే స్థాయి. 6 మిల్లీమీటర్లకు అది 2000 ప్రాంతం. ఒకటి విడిచిన దానిని రెండవది పట్టుకొంటుంది.

గాలి కోసం, గది వెంటిలేటరుకు ప్లైవుడ్ పెట్టె ఒకటి బిగించాము. గాలి ఒక కొస పైన ప్రవేశించి, రెండు మలుపులు తిరిగి, రెండవ కొస క్రింద బయటపడుతుంది. లోగోడలకు అంటించిన దళసరి ఫెల్టు ఆ మలుపులలో ధ్వనిని చాలమటుకు పీల్చివేస్తుంది. వంటగది జోలికి మాత్రం పోలేదు. గ్యాసు పొయ్యి ఉన్న గదిని ఎవరూ సందులు లేకుండా బిగించరాదు.

నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లు మించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కర్ణకఠోరమైన హారన్లను 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలే నిషేధించాయి. ఈ సంగతి తెలిసి మిత్రులు నిట్టూర్చారు. వీధిలో అమలు జరిగేవరకు వడ్రంగినే నమ్ముకొనవలసి ఉన్నది.

నెల తరువాత వారి శ్రీమతి ఫోను చేశారు. అత్తగారు తెల్లవారే దాకా నిద్రపోతున్నారట. అమ్మాయి తలుపు వేసుకొని చదువుకొంటున్నదట. “కాని అన్నయ్యగారూ, పైవాటాలో కుళాయి రాత్రంతా బొట్టుబొట్టుగా కారుతున్నది. ఇన్నేండ్లుగా మాకు తెలియనే తెలియదు” అన్నారు. కుళాయికి వాషరు మార్పించమని పైవాటా వారిని అడగవలసిందిగా చెప్పాము.