మొక్కకు ముందు మన్ను

మన కళాశాలలో ఏటా ఆగస్టు 15వ తేదీన పతాకావిష్కరణ కాగానే కొత్త తరగతి గదుల గోడ వెంబడి మొక్కలు నాటుతాము. గులాబీలు, మందారాలు, నందివర్ధనాలు వరుసగా నిలుస్తాయి. ఛాయాచిత్రాలు తీయించుకొంటాము. మరుసటి వేసవికి అక్కడ మిగిలేవి ఎండుపుల్లలే. అప్పుడు తోటమాలి నీరు పోయలేదని అందరమూ అతనినే తప్పుపడతాము. ఆ నింద అన్యాయమని నా అభిప్రాయం. అతడు నీరు పోశాడు. దానిని నిలుపుకొనే శక్తి ఆ నేలకు లేదు.

మనది ఎర్ర చెలక నేల. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. వాన కురిసి ఎండితే పైన పెచ్చు కడుతుంది. ఇది చాలదన్నట్లు భవన నిర్మాణంలో మిగిలిన సున్నం, సిమెంటు పెళ్ళలు అక్కడే పూడ్చివేశారు. సున్నం వలన నేలలో క్షారగుణం పెరుగుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళకు అందదు. లేత ఆకులు ఈనెలు తప్ప తక్కినంతా పసుపెక్కడానికి ఇదే ముఖ్య కారణం. ఇటువంటి చోట జానెడు గుంట తీసి గులాబీని నిలిపితే అది ఎన్నాళ్ళు బ్రతుకుతుంది?

ఉర్దూ గజల్‌లో ఛందస్సు, ఖాఫియా, రదీఫ్‌ల కూర్పునకు ‘జమీన్’ అని పేరు. జమీన్ కుదరనిదే ఎంత మంచి భావమైనా షేర్‌గా నిలువదు. కవులు ఎరిగిన ఈ సత్యాన్ని మనం తోటలో మరచిపోతున్నాము.

ఆగస్టు వేడుకను మానుకొమ్మని నేననను. దానికి పని మే నెలలోనే ఆరంభించాలి. ముందుగా అరకిలో మట్టిని భూసార పరీక్షకు పంపాలి. మన రసాయనశాస్త్ర విద్యార్థులకు అదొక పాఠం కూడా. వేసవి జల్లుకు నేల మెత్తబడగానే పెళ్ళలు ఏరివేసి, అడుగున్నర లోతు త్రవ్వాలి. పైమట్టిని వేరుగా పోసి, మరల పైననే పరచాలి. రైతులు చెలకలకు తోలుకొనే చెరువు పూడికమట్టి మన మళ్ళకూ మేలు చేస్తుంది. దానిపై బాగా మాగిన పశువుల ఎరువు రెండంగుళాల మందాన వేసి కలపాలి. పది మీటర్ల పొడవు, మీటరు వెడల్పు గల మడికి అర ఘనపు మీటరు ఎరువు సరిపోతుంది. మాగని పచ్చిపేడ చెదలను, వేరుపురుగును పిలుచుకొని వస్తుంది. మృగశిర కార్తె వానలకు జనుము చల్లి, సుమారు 45 రోజులకు పూత రాగానే కోసి మట్టిలో కలిపివేస్తే, మూడు వారాలలో కుళ్ళి ఎరువవుతుంది. అప్పటికి ఆగస్టు 15 రానే వస్తుంది.

మొక్కలకైన ఖర్చు కంటికి కనిపిస్తుంది, మట్టికైన ఖర్చు కనిపించదు. కమిటీ వారి సంకోచం నేనెరుగుదును. కాని ఏటేటా అవే మొక్కలు మరల కొనడం పొదుపు ఎట్లా అవుతుంది? ఈసారి మొక్కల సొమ్ములో సగం నేలకు కేటాయించవలసిందని కమిటీ వారికి నా మనవి.

విద్యార్థులకు ఒక్క మాట. మనం రోజూ ఊడ్చి తగులబెడుతున్న వేపాకు ఆ మళ్ళపై పరిస్తే తేమను కాపాడి, క్రమంగా మట్టిలో కలుస్తుంది. నేడు మీరు బాగుచేసిన మడిలో పూలు పూచేనాటికి మీలో కొందరు ఇక్కడ ఉండరు. అయినా ఆ పని చేయండి. మీ తరువాత వచ్చేవారు తోటమాలిని నిందించవలసిన అవసరం ఉండదు.