ట్రైనీ బిడ్డకు దారేది?

చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లల్ల ఇప్పుడు ఏ వాడకు పోయినా ఇంజనీరింగ్ చదివిన బిడ్డ ఉన్నది. క్యాంపస్‌లో కొలువొస్తే తల్లిదండ్రులు ఊరంతా చెప్పుకుంటరు. చిలుకూరు బాలాజీకి మొక్కు తీర్చుకుంటరు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరినంక 108. అయితే అసలు ప్రదక్షిణలు ఆ తర్వాతనే మొదలైతయని ఆ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు.

ఆ బిడ్డ దినం ఎట్ల గడుస్తదో ఒక్కసారి లెక్కేద్దాం. తొమ్మిది గంటల క్లాసుకు గచ్చిబౌలిలో ఉండాలంటే చేవెళ్లలో అయిదింటికి లేవాలె. ఆరింటికల్లా బస్సెక్కాలె. వికారాబాద్, పరిగి, తాండూరు నుంచి వచ్చే బస్సులు అప్పటికే నిండి వస్తయి. నిలబడి అప్పా జంక్షన్ దాకా, అక్కడ దిగి ఇంకో బండి. గేటు దగ్గర మెడల కార్డు చూపించాలె. అది ఇంకా ఉద్యోగి కార్డు కాదు, ట్రైనీ కార్డు. పొద్దున పాఠం, మధ్యాహ్నం ల్యాబు, వారం వారం పరీక్ష. సాయంత్రం ఆరింటికి వదిలితే ఇల్లు చేరేసరికి తొమ్మిది. అన్నం తిని మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూసోవాలె. ఎందుకంటే శుక్రవారం పరీక్షలో తప్పితే కొలువే లేదు.

కంపెనీ గడియారంలో ఇది తొమ్మిది గంటల పని. బిడ్డ గడియారంలో పదిహేను గంటలు. 2025 జూలైలో ప్రభుత్వం 282 జీవో ఇచ్చి వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా, వారానికి 48 గంటలు మించకుండా పని చేయించుకోవచ్చన్నది. ఆ లెక్కలో దారి ఖర్చయ్యే గంటలు లేవు. పట్నంలో హాస్టల్ తీసుకుని ఉండొచ్చు కదా అంటరు. పెద్ద సర్వీసు కంపెనీల్లో కొత్తగా చేరినోళ్ల జీతం పదేండ్లకు పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల మధ్యనే ఆగి ఉన్నది. హాస్టలు కిరాయి మాత్రం ఆగలేదు. చదువుకు తెచ్చిన బ్యాంకు లోను వాయిదా ఆగలేదు.

ఇంత చేసినా ఆ కొలువుకు పూచీ ఉన్నదా? 2025 ఫిబ్రవరిలో మైసూరులో ఏం జరిగిందో దేశమంతా చూసింది. ఇన్ఫోసిస్ సంస్థ పరీక్షలు తప్పారన్న కారణంతో మూడు వందల మందికి పైగా ట్రైనీలను ఇంటికి పంపింది. మూడుసార్లు అవకాశమిచ్చినమని కంపెనీ చెప్పింది. కానీ వాళ్లల్ల చాలామంది 2022లో ఆఫర్ అందుకుని, 2024 దాకా పిలుపు కోసం ఎదురుచూసినోళ్లు. రెండేండ్లు కంపెనీ కోసం బిడ్డలు ఆగిండ్రు. కొన్ని నెలలు బిడ్డల కోసం కంపెనీ ఆగలేకపోయింది. పరీక్ష పెట్టొద్దని మనం అనడం లేదు. పని రానోళ్లకు జీతమియ్యమని కూడా అనడం లేదు. పరీక్ష ఏందో, ఎన్ని మార్కులకు పాసో, తప్పితే ఏమైతదో చేరక ముందే కాగితం మీద రాసియ్యాలె అంటున్నం. అంతే.

చట్టం ఏమంటున్నది? 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు పని చేసే ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇయ్యాలన్నయి. మంచిదే. కానీ 1961 అప్రెంటిస్ చట్టం కింద తీసుకున్నోళ్లను వేతనాల కోడ్ ఉద్యోగి లెక్కలో పెట్టదు. అందుకే చేరేటప్పుడు చేతికిచ్చిన కాగితంలో ట్రైనీ అని ఉన్నదా, అప్రెంటిస్ అని ఉన్నదా చూసుకోవాలె. ఒక్క మాటలో బతుకు తేడా ఉన్నది.

కొలువుల లొల్లి ఈ గడ్డకు కొత్త కాదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ తరఫున సంతకం చేసినోళ్లల్ల కొండా వెంకట రంగారెడ్డి ఒకరు. ఈ మొయినాబాద్ పక్క పెద్దమంగళారం బిడ్డ. ఈ జిల్లా పేరు ఆయనదే. ఆ ఒప్పందం కొలువుల్లో మన వాటా కాపాడుతమన్నది. కాపాడలేదు. 1969లో పిల్లలు తూటాలకు బలైండ్రు. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. దాని అమలు కోసం ఏండ్ల తరబడి కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రమే వచ్చింది. కానీ ఒప్పందమైనా, 610 అయినా మాట్లాడింది సర్కారు కొలువుల గురించి. ఇయ్యాల మన పిల్లలు ఎక్కువ నిలబడ్డ లైను కంపెనీ గేటు ముందర ఉన్నది. ఆ గేటుకు ఏ జీవో లేదు.

స్థానికులకే కొలువులియ్యాలని చట్టం తెస్తే? హర్యానా తెచ్చింది, 75 శాతం అన్నది. 2023 నవంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ దారి సులువు కాదు. కానీ బిడ్డను గేటు దాకా క్షేమంగా చేర్చడానికి ఏ కోర్టు అడ్డం?

2025 నవంబర్ 3, సోమవారం పొద్దున చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు బస్సును గుద్దింది. 19 మంది పోయిండ్రు. ఆదివారం ఇంటికొచ్చి పట్నానికి తిరిగిపోతున్న విద్యార్థులు వాళ్లల్ల ఉన్నరు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు పని భూసేకరణతోని, మర్రిచెట్ల కేసుతోని ఏండ్లకేండ్లు నిలిచింది. మర్రిచెట్టూ కావాలె, మనిషీ కావాలె. రెండింటినీ కాపాడే ప్లాను వేయడం చేతగానిది ఏలికలకు, చెట్టుకు కాదు.

ఇంకో లెక్క కూడా తేలాలె. పట్నానికి నీళ్లిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెడిపోవద్దని 1996 మార్చి 8న 111 జీవో తెచ్చిండ్రు. 84 ఊళ్లల్ల పెద్ద పరిశ్రమ రాలేదు. చెరువులు బతకాలె, అందుల రెండో మాట లేదు. కానీ పట్నం దూప తీర్చడానికి మొయినాబాద్ ఊళ్లు తమ ఇంటి ముందరి కొలువు ఒదులుకున్నయి. దానికి బదులు పట్నం ఏమిచ్చింది? నిలబడి పోయే బస్సు. పక్కనే షాబాద్ మండలం చందనవెల్లికి అమెజాన్ డేటా సెంటరు వచ్చింది. డేటా సెంటరుకు కావాల్సింది భూమి, కరెంటు. మనుషులు కొద్దిమందే చాలు.

అందుకే అడుగుతున్నం. పొద్దున ఆరింటి నుంచి చేవెళ్ల, మొయినాబాద్‌ల నుంచి గచ్చిబౌలికి నేరుగా బస్సులు నడపాలె. రోడ్డు పనికి గడువు చెప్పాలె. ఆడబిడ్డలకు కంపెనీల దగ్గర సర్కారు హాస్టళ్లు కట్టాలె. ట్రైనింగ్ షరతులు ముందుగ రాసియ్యని కంపెనీని కార్మిక శాఖ పిలిచి అడగాలె. విద్యార్థులారా, సంతకం పెట్టే ముందు కాగితం చదవండి. ఉద్యోగ సంఘాల అన్నలారా, ఈ పిల్లలకు సంఘం లేదు. వాళ్ల తరఫున మీరు మాట్లాడండి. నియామకాలు అన్న మాట కోసం రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ మాటలో ట్రైనీ బిడ్డ కూడా ఉన్నది.