కంటి సుఖమును కొలుచుట యెట్లు?



పెండ్లిచూపులనగానే కుమార్తె కండ్లజోడు తీయించి కాంటాక్టు లెన్సులు పెట్టించు తల్లులు మనలో ననేకులు గలరు. సాయంకాలమునకు కన్నులు మండుచున్నవని పిల్ల చెప్పినచో "కొంచెమోర్చుకొనుము, అదే అలవాటగును" అందురు. ఈ మాట యెంత న్యాయమైనదో, లెన్సులను పరీక్షించువారి పద్ధతి తెలిసికొన్నచో బోధపడును. కావున నీ మాసము ఆ విషయమునే ముచ్చటింపదలచితిమి.

1888లో ఆడాల్ఫ్ ఫిక్ అను వైద్యుడు ప్రకటించిన లెన్సులు గాజువి. కొద్దిగంటలకు మించి ధరింప వీలుకానివి. 1961 క్రిస్మసు దినములలో ప్రేగు నగరమున ఒట్టో విఖ్టర్లె తన యింటనే, పిల్లల ఆటసామగ్రితో నొక యంత్రము కూర్చి, నీటిని పీల్చు మెత్తని పదార్థముతో లెన్సులను పోతపోసెను. ఆ పనిలో నాతని భార్యయు తోడ్పడెను.

కన్నీరు కంటిపై నూనె, నీరు, జిగటలతో గూడిన పలుచని పొరగా నుండును. ప్రతి రెప్పపాటును దానిని మరల పరచుచుండును. లెన్సు ఆ పొర నడుమ నిలుచును గనుక, దాని మీదను కన్నీరు సమముగా పరచుకొనవలయును. తామరాకుపై నీటిబొట్టువలె నుండుట యోగికి భూషణమే గాని లెన్సుకు దోషము. అందుచే ప్రయోగశాలలో లెన్సుపై నీటిబొట్టు నుంచి, దాని అంచు లెన్సుతో చేయు కోణమును కొలుతురు. కోణము తగ్గినకొలది తడియు గుణము హెచ్చు. 1990ల చివర వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు ప్రాణవాయువును బాగుగా పోనిచ్చునవి. కాని సిలికాను నీటిని తోసివేయును. కావున పైతలమును మార్చియో, తడిని నిలుపు పదార్థమును కలిపియో వానిని సవరింపవలసివచ్చెను.

అటుపిమ్మట పరీక్ష కంటిమీద జరుగును. వెలుగు వలయములను కంటిపై ప్రతిఫలింపజేసి, రెప్ప వాల్పకున్న నెన్ని సెకండ్లకవి చెదరునో చూతురు. లెన్సు లేని కంట 10 సెకండ్లకు లోపలనే చెదరినచో కన్ను పొడిబారుచున్నదేమో యని శంకింతురు. లెన్సుమీద నింకను త్వరగా చెదరుట సాధారణము.

ఇన్ని కొలతలున్నను, కోణము తక్కువైన లెన్సే సుఖమైనదను నియమము లేదు. కావున తుదకు ధరించినవారినే యడుగుదురు. అదియు మిక్కిలి జాగ్రత్తతో నడుగుదురు. ఒక్కొక్క పరీక్షలో ఒక కంట నొక రకమును, రెండవకంట వేఱొక రకమును పెట్టి, ఏది యేదియో ధరించువారికిగాని పరీక్షించువారికిగాని తెలియనీయరు. పేరు తెలిసినచో తీర్పు మారును గదా! పెట్టినవెంటనే, కొన్నిగంటల పిమ్మట, తీయుటకు ముందు, 0 నుండి 100 వఱకు సుఖమునకు మార్కు వేయింతురు. చీర మెత్తదనము ఉతికినపిమ్మట తెలిసినట్లు, లెన్సు గుణము సాయంకాలమునగాని తెలియదు. మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయందును 1990లలో సిడ్నీ పరిశోధకుల సహకారముతో లెన్సు పరీక్షలు జరిగినవి.

యంత్రములు చేతనుండియు విజ్ఞులు ధరించినవారి మాటకై వేచియుండగా, మన యింటి పిల్ల మాటను మనము త్రోసివేయుట తగునా? "మండుచున్నది" అను పలుకు గారాబము గాదు, సాక్ష్యము. మంట కలిగినచో లెన్సు తీయింపుడు. ఎఱ్ఱదనము, నొప్పి, చూపు మసక కలిగినచో నాడే వైద్యునికి చూపుడు. లెన్సును కుళాయినీటగాని బావినీటగాని కడుగరాదు. ఆ నీటనుండు సూక్ష్మజీవులలో కొన్ని కంటికే ముప్పు తెచ్చును. చూపులకు వచ్చినవారు కండ్లజోడును చూచిన చూతురుగాక. పిల్లకు చూపు నిలుచుట ముఖ్యము.