జాబితాలో చేరినంత మాత్రాన పని జరిగినట్లు కాదు

మిర్యాలగూడలో ఉంటున్న నా చిన్ననాటి మిత్రునికి పదిహేనేళ్లుగా మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. కుమారుడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తండ్రి రక్తపరీక్షల ఫలితాలు ఈమెయిల్ ద్వారా కుమారునికే చేరుతాయి. పని ఒత్తిడిలో మరచిపోతానేమోనన్న భయంతో అతడు ఒక మాక్రో రాసుకున్నాడు. ల్యాబ్ నుండి గానీ, మందుల దుకాణం నుండి గానీ, బీమా సంస్థ నుండి గానీ ఏ మెయిల్ వచ్చినా అది తనంతట తానే ‘చేయవలసిన పనుల’ యాప్‌లో చేరిపోతుంది. ఏర్పాటు చక్కగానే పనిచేసింది. ఒక్క మెయిలూ తప్పిపోలేదు.

గత వేసవిలో మోకాళ్ల నొప్పులకని మిత్రుడు దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలను రోజూ వేసుకున్నాడు. ఆ రోజుల్లోనే రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని రిపోర్టు వచ్చింది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఇటువంటి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. కాబట్టి ఆ రిపోర్టు చూసిన రోజే మాత్రలు ఆపవలసింది. కానీ అది "మీ రిపోర్టు సిద్ధంగా ఉంది" అన్న పేరుతో, వందకు పైగా ఉన్న అంశాల మధ్య, రెండున్నర నెలలు అలాగే ఉండిపోయింది. పాదాల వాపుతో అతడు నా వద్దకు వచ్చినప్పుడు గానీ ఎవరూ దానిని తెరవలేదు.

"పిల్లగాడు అమెరికా నుంచి చూస్తుండు గదా అనుకున్న" అన్నాడు తండ్రి. "లిస్టులో ఉంది కదా అనుకున్నాను, అంకుల్" అన్నాడు ఫోనులో కుమారుడు.

ఇద్దరూ బాధ్యత గలవారే. ఇద్దరూ నిర్లక్ష్యం చేయలేదు. సమాచారాన్ని ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చడమే పని చేపట్టడం అనుకున్నారు. ఆ రెండింటికీ ఉన్న దూరమెంతో నేను నా ఉద్యోగ జీవితంలో బాధాకరంగా నేర్చుకున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో పాలమూరు ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. క్షయ అనుమానం ఉన్న ఒక యువకుని కఫం పరీక్షకు పంపాము. ఫలితం తపాలులో వచ్చింది. ఇన్వర్డ్ రిజిస్టరులో నంబరు పడింది. నేను సంతకం చేశాను. కాగితం ఫైలులో చేరింది. అందులో క్షయ ఉన్నదని స్పష్టంగా రాసి ఉంది. అతనికి కబురు పంపవలసిన పని ఎవరిదో మాత్రం ఆ కాగితం మీద ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. ఈలోగా అతడు మేస్త్రీ వెంట కుటుంబంతో బొంబాయికి వలస వెళ్లిపోయాడు. నాలుగు నెలల తరువాత తిరిగి వచ్చేసరికి దగ్గులో రక్తం పడుతున్నది. అతని చిన్న బిడ్డకూ వ్యాధి సోకింది. ఆ సంతకం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అదే ఆరోగ్య కేంద్రాల వ్యవస్థలో దీనికి విరుగుడు కూడా నేను చూశాను. మన ఏఎన్ఎమ్‌లు వాడే టిక్లర్ బ్యాగ్ అన్న గుడ్డసంచిని చాలామంది చూసే ఉంటారు. గోడకు వేలాడదీసే ఆ సంచికి నెలకొకటి చొప్పున అరలుంటాయి. బిడ్డకు టీకా వేసిన తరువాత కార్డు తల్లి చేతికిచ్చి, దాని కౌంటర్‌ఫాయిల్‌ను తరువాతి టీకా ఏ నెలలో వేయాలో ఆ అరలో పెడతారు. జనవరిలో పుట్టిన బిడ్డకు పద్నాలుగు వారాల టీకాలు ఏప్రిల్‌లో పూర్తయితే, తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు-రుబెల్లా టీకా కోసం ఆ కాగితం అక్టోబరు అరలోకి వెళుతుంది. అక్టోబరు రాగానే ఆ అరలోని కాగితాలే ఆమెకు ఆ నెల పనుల జాబితా.

ఇందులో యంత్రమేమీ లేదు. అయినా ఆ సంచి పనిచేయడానికి కారణం ఉంది. ప్రతి కాగితాన్నీ ఒక మనిషి చేతిలోకి తీసుకొని, చదివి, "తరువాత చేయవలసినది ఏమిటి, ఎప్పుడు" అని నిర్ణయించిన తరువాతే అది అరలోకి వెళ్లేది. ఒక ఏఎన్ఎమ్ అమ్మ వలస కుటుంబాల కాగితాల మీద పెన్సిలుతో "సంక్రాంతికి వస్తారు" అని రాసుకునేది. ఆ రెండు మాటలు రాసే మాక్రో నాకు ఇంతవరకు కనబడలేదు.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. మాక్రో అంటే కొన్ని ఆదేశాలను వరుసగా కూర్చి ఒక్క మీటతో నడిపించే ఏర్పాటు. అది అలసిపోదు, మరచిపోదు. రోజుకు వంద మెయిళ్లు వచ్చే ఉద్యోగికి అది నిజమైన ఊరట. ఇప్పుడు మాక్రో రాయడం రానివారికి కూడా ఈ సౌకర్యం ఉంది. జీమెయిల్‌లో మెయిల్‌ను టాస్క్స్ జాబితాలో చేర్చే వీలుంది. ఔట్‌లుక్‌లో జెండా గుర్తు పెట్టిన మెయిల్ మైక్రోసాఫ్ట్ టు డూ యాప్‌లో కనబడుతుంది. టోడోయిస్ట్ వంటి యాప్‌లు ఇచ్చే చిరునామాకు మెయిల్ పంపితే అది పనిగా నమోదవుతుంది. మోసుకు వెళ్లే పనిని యంత్రానికే ఇవ్వండి. నిర్ణయించే పనిని మాత్రం ఇవ్వకండి. వచ్చిన ప్రతి మెయిలూ దానంతటదే పనిగా మారితే ఆ జాబితా మరొక ఇన్‌బాక్స్ అవుతుంది. పైగా "ఎక్కడో నమోదైంది" అన్న నిశ్చింత చూడాలన్న ఆత్రుతను చంపేస్తుంది.

కాబట్టి ఇంట్లో పెద్దవారి ఆరోగ్యాన్ని ఈ విధంగా చూసుకునేవారికి నా సూచనలు కొన్ని.

మందులు తిరిగి కొనవలసిన తేదీ, బీమా ప్రీమియం, డాక్టరు అపాయింట్‌మెంటు వంటివి తేదీతోనే వస్తాయి; వాటిని యంత్రం చేర్చితే చాలు. పరీక్షా ఫలితాలు అటువంటివి కావు. వాటిని వచ్చిన రోజే ఒక మనిషి తెరిచి చూడాలి.

పనికి మెయిల్ శీర్షికనే పేరుగా ఉంచకండి. "మీ రిపోర్టు సిద్ధంగా ఉంది" అన్నది వార్త. "నాన్న క్రియాటినిన్ రిపోర్టు శుక్రవారంలోగా డాక్టరుకు చూపించాలి - తమ్ముడు" అన్నది పని. ఏమి చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా అన్న మూడూ లేనిదానిని పనిగా లెక్కించకండి.

ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం వంటివి ఏ జాబితాలోనూ చేర్చవలసినవి కావు. వెంటనే 108కి ఫోను చేయండి.

ఆరోగ్య సమాచారం ఒక యాప్ నుండి మరొక యాప్‌కు వెళ్లిన ప్రతిసారీ మరొకరి చేతిలో పడుతుంది. రిపోర్టు మొత్తాన్ని పంపకుండా, గుర్తుచేసే ఒక వాక్యాన్ని మాత్రమే పంపితే చాలు.

ఎవరో పంపిన ఫైలులోని మాక్రోను నడవనివ్వకండి. 1999లో మెలిస్సా అన్న వైరస్ వర్డ్ ఫైలులోని మాక్రోగా వచ్చి, బాధితుల ఔట్‌లుక్ చిరునామాలకు తనను తానే పంపుకుంటూ లోకమంతా వ్యాపించింది. అంటువ్యాధికి, దీనికి పెద్ద తేడా లేదు.

చివరిగా, వారానికి ఒక రోజు, ఆదివారం ఉదయమైనా సరే, జాబితాను పైనుండి కిందకు చదవండి. టిక్లర్ బ్యాగ్‌లో అర తెరవని నెలలో టీకాలు పడవు.

నా మిత్రునికి నొప్పి మాత్రలు ఆపించి మూత్రపిండాల నిపుణుని వద్దకు పంపాము. క్రియాటినిన్ కొంత తగ్గింది. పూర్వస్థితికి మాత్రం రాలేదు. కుమారుడు తన మాక్రోను తీసివేయలేదు, తీసివేయమని నేనూ చెప్పలేదు. అందులో ఒక చిన్న మార్పు చేశాడు. ల్యాబ్ నుండి వచ్చిన మెయిల్ ఇప్పుడు నేరుగా జాబితాలోకి పోదు. "చదివావా? ఏం చేయాలి?" అని అడిగి, అతడు సమాధానం రాసేవరకు ఆగుతుంది. రాసిన తరువాత అతడు తండ్రికి ఫోను చేస్తున్నాడు.