మోటారు సైకిలుపై రేడియో

నేడు ఆలేరు ప్రాంతమున మోటారు సైకిలు లేని యిల్లు అరుదు. పాలు పోయువాడు, పొరుగూరి బడికి పోవు పంతులమ్మ, భువనగిరికి ఉద్యోగమునకు పోవు కుమారుడు, యాదగిరిగుట్టకు దైవదర్శనమునకు పోవు దంపతులు అందఱును దానినే నమ్ముకొనియున్నారు. బండి యింటికి వచ్చిన కొన్నాళ్లకు దానికొక రేడియోయో పాటల పెట్టెయో కావలెనను కోరిక పుట్టుట సహజము. ఆ కోరిక చివఱకు చేరునది యింటి ఖర్చు చూచుకొను ఇల్లాలి యొద్దకే. ఆమె ఊరక కాదన్నచో ప్రయోజనము లేదు. చాటున కొనితెచ్చి బిగించుకొందురు. ఊరక ఔననుటయు తగదు. ఏది యెందులకు పనికివచ్చునో యెఱిగి చెప్పిన మాటకే యింట విలువ యుండును. అందుచేత ఈ నెల యీ విషయమును గూర్చి వ్రాయుచున్నాము.

బండిలో రేడియో పెట్టుట క్రొత్త సంగతి కాదు. 1930లో అమెరికా దేశమున గాల్విన్ సోదరులు కారులో బిగించు రేడియోను అమ్మకమునకు తెచ్చి దానికి మోటొరోలా యని పేరు పెట్టిరి. మన ప్రాంతమున నిజాం ప్రభుత్వము 1935లో హైదరాబాదు రేడియోను తన చేతిలోనికి తీసికొనెను. దక్కన్ రేడియో యని పేరొందిన ఆ కేంద్రము 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరెను. నాడు రేడియో యనగా బల్లపై నుంచి, చుట్టును కూర్చుండి వినెడి వస్తువు. వినువారికి వినుట తప్ప ఆ క్షణమున వేఱు పని లేదు. మోటారు సైకిలు నడుపువాని సంగతి యట్లు కాదు. వాని చేయి, కాలు, కన్నులతోపాటు చెవియు బండిని నడుపుచున్నది. వెనుకనుండి వచ్చు లారీ, ప్రక్క సందునుండి వచ్చు ట్రాక్టరు, గొఱ్ఱెల మందను తోలు కాపరి కేక, ఇవియన్నియు కంటికంటె ముందు చెవికే తెలియును. ఈ భేదమును మఱచి చేసిన బేరము చెడు బేరము.

మొదట, ఆలేరులో రేడియో వినబడునా యను ప్రశ్న కలదు. ఆలేరు హైదరాబాదునకును వరంగల్లునకును ఇంచుమించు నడుమ, ఇటు అటు 70 కిలోమీటర్ల దూరమున నున్నది. హైదరాబాదునుండి ఆకాశవాణి రెయిన్‌బో 101.9 మీదను, వివిధభారతి 102.8 మీదను వెలువడును. ఈ ఎఫ్.ఎం. తరంగములు ఇంచుమించు చూపువలెనే తిన్నగా పోవును. నగరమును విడిచి దూరమగు కొలదియు ధ్వని సన్నగిల్లి, గుట్ట యడ్డమైనపుడు మాయమై, మరల వినవచ్చుచుండును. ఈ తరంగముల పొడవు సుమారు 3 మీటర్లు. వానిని చక్కగా పట్టుటకు అందులో నాలుగవ వంతు, అనగా 75 సెంటీమీటర్ల ఏరియలు కావలెను. హ్యాండిలుకు తగిలించు చిన్న పెట్టెలలో అంత తీగ సాధారణముగా నుండదు. అందుచే నడుపువాడు దారిపొడవునను మీటలు నొక్కుచు కేంద్రమును వెదకుకొనవలసివచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోవును. రెండు సెకనులు మీట వంక చూచినచో 33 మీటర్లు గ్రుడ్డిగా పోయినట్లే. కాబట్టి ఈ ప్రాంతమువారు రేడియో కొఱకే పెట్టె కొనుట లాభము కాదు. వినదలచిన పాటలను చిన్న కార్డులో నింపుకొని, బయలుదేరక మునుపే మొదలుపెట్టి, దిగువఱకు ముట్టుకొనకుండునట్టి యేర్పాటు మేలు.

రెండవది బ్యాటరీ సంగతి. విదేశములలో హోండా గోల్డ్ వింగ్ వంటి బండ్లకు పాటల యేర్పాటు కర్మాగారముననే చేయుదురు. అవి 300 కిలోగ్రాములకు పైబడిన బరువు, పెద్ద బ్యాటరీ, ముందు గాలి నాపు అద్దము గల బండ్లు. మన యిండ్లలోని స్ప్లెండరు వంటి బండి బరువు 112 కిలోగ్రాముల ప్రాంతము. ఇట్టి బండ్ల బ్యాటరీ 12 వోల్టులది, 3 మొదలు 5 ఆంపియర్-గంటల శక్తి గలది. నిజముగా 20 వాట్లు వాడు పెట్టె ఆ బ్యాటరీనుండి 1.7 ఆంపియర్ల ప్రాంతము లాగును. బండి నిలిపి పాటలు వినుచు కూర్చున్నచో 3 ఆంపియర్-గంటల బ్యాటరీ రెండు గంటలైనను నిలువదు; అంతకు చాల ముందే మీట నొక్కిన ఇంజను కదలకుండును. చీకటివేళ ఊరి బయట ఇట్లయిన సోదరికి ఆ పాటలు ఎంత ప్రియమైనవో ఊహించుకొనవచ్చును.

దుకాణమున మోసపోకుండుటకు ఒక చిన్న లెక్క చెప్పెదము. వోల్టులను ఆంపియర్లతో హెచ్చించినచో వాట్లు వచ్చును. పెట్టెపై 300 వాట్లని అచ్చువేసి, తీగలో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టియున్నారనుకొందము. 12ను 5తో హెచ్చించిన 60 వాట్లే. మిగిలిన 240 వాట్లు అచ్చులో మాత్రమే కలవు. పాలలెక్క, చీటీలెక్క తప్పక చూచుకొను ఇల్లాలికి ఈ లెక్క యొక లెక్క కాదు.

ఇక కొనదగిన వానిలో మూడు తెగలు కలవు.

మొదటిది హ్యాండిలుకు బిగించు స్పీకర్ల పెట్టె. ఇందు చెవులు మూయబడవు. అది దీని గుణము. వేగము పెరిగిన కొలదియు గాలిహోరులో పాట కొట్టుకొనిపోవును, అప్పుడు ధ్వని పెంచుదురు. అది దీని దోషము. ఊరిలో మెల్లగా తిరుగువారికి తక్కువ ధ్వనితో ఇది చాలును. పెద్ద రహదారిపై ఇది నిష్ప్రయోజనము.

రెండవది చెవిలో దూర్చుకొను ఇయర్‌ఫోను. ఇది చవుక, సులభము. కావున యువకులందఱకు ప్రీతి. దీనినే మేము గట్టిగా నిషేధింతుము. చెవి మూసికొన్నవానికి లారీ హారను చెవిటివాని ముందు శంఖ మూదినట్లే. బయటి రొదను అణచివేయు క్రొత్త రకములు మఱింత అపాయకరములు. అవి ముఖ్యముగా అణచునది తగ్గుస్థాయి హోరును. దగ్గఱకు వచ్చుచున్న పెద్ద బండి చేయు ధ్వనియు ఆ జాతిదే. "ఒక చెవికే పెట్టుకొనుచున్నాను గదా" యని కొందఱు సమాధానము చెప్పుదురు. ధ్వని యేవైపునుండి వచ్చుచున్నదో తెలియుట రెండు చెవులకును అది చేరు కాలములోని, తీవ్రతలోని భేదము వలన. ఒక చెవి మూసినచో హారను వినబడినను అది కుడివైపుదో యెడమవైపుదో తేలదు.

మూడవది హెల్మెట్టు లోపల, చెవుల యొద్ద అమర్చు పలుచని స్పీకర్లు. ఇవి చెవిని మూయవు. ధ్వని తక్కువగానుంచినచో రహదారియు వినబడును. దారి చెప్పు మాటలకు, నడుపువారును వెనుక కూర్చున్నవారును ఒకరితో నొకరు మాటలాడుకొనుటకు ఇవి మిక్కిలి యనుకూలములు. అయితే వీని కొఱకు హెల్మెట్టు లోపలి థర్మోకోలును కోయించరాదు. పడినపుడు తలకు తగులు దెబ్బను తాను మ్రింగునది ఆ పొరయే. చెవుల యొద్ద ముందే పల్లములు గల హెల్మెట్టును, ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి కొనవలెను. 2021 జూను 1 నుండి ఆ గుర్తు లేని హెల్మెట్టు అమ్ముటయే చట్టవిరుద్ధము. మంచి హెల్మెట్టు లేనియింట పాటల బేరము, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్న సామెతను తలపించును.

ధ్వని యెంత యుండవలెనను విషయమున కూడ ఒక హద్దు కలదు. పెద్దలకు 80 డెసిబెళ్ల ధ్వని వారమునకు 40 గంటలు, 90 డెసిబెళ్లదైనచో 4 గంటలు మాత్రమే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రహదారి వేగమున హెల్మెట్టు లోపలి గాలిహోరే 90 డెసిబెళ్లను దాటవచ్చును. ఆలేరునుండి హైదరాబాదునకు నిత్యము పోయివచ్చువానికి దారిలో దినమునకు మూడు గంటలు పట్టును. వాని వారపు వంతు రెండవనాడే తీరిపోవును. ఆ హోరును మించి పాట వినవలెనన్నచో ఇంకను పెంచవలెను. అట్లు పోయిన వినికిడి మందులకు తిరిగిరాదు. రహదారిపై పాట మానుటయే చెవికి మేలు.

ఇంతవఱకు నడుపువాని మాట చెప్పితిమి. వెనుక కూర్చుండు స్త్రీ మాటను, ముందు కూర్చుండు బిడ్డ మాటను దుకాణమున ఎవ్వరును అడుగరు. చీర కొంగో, ఓణీయో వెనుక చక్రమున చిక్కుకొనిన ప్రమాదములు మన మెఱుగనివి కావు. అందుకే వెనుక చక్రమును సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణ యుండవలెనని 1989 నాటి మోటారు వాహనముల నియమములు విధించినవి. ఆ కంచెను అందము కొఱకు ఊడదీయించినవారు పలువురు కలరు. కొంగు చక్రమున పడిన క్షణమున ఆమె ప్రాణమును కాపాడునది "ఆపు" మను ఒక్క కేక. ఆ కేక నడుపువానికి వినబడనిచో కొన్న పెట్టె యెంత మేలైనదైననేమి? కాబట్టి యే యేర్పాటు కొన్నను ఇంటి ముందఱనే ఒక పరీక్ష చేయవలెను. ఇంజను నడుచుచుండగా, నడుపువాడు హెల్మెట్టు పెట్టుకొని పాట వినుచుండగా, వెనుక కూర్చుండి మామూలు గొంతుతో పిలువుడు. మొదటి పిలుపునకే తిరిగిచూచినచో ఆ ధ్వని సరిపోయినది. రెండవమాఱు పిలువవలసివచ్చినచో తగ్గింపుడు.

చంటిబిడ్డను పెట్రోలు ట్యాంకుపై కూర్చుండబెట్టుకొనుట మనవారికి అలవాటు. ఆ అలవాటే మంచిది కాదు. హ్యాండిలు స్పీకర్లున్న బండిపై అది మఱియు చెడ్డది. పెట్టెకు అందఱికంటె దగ్గఱగా నుండునది ఆ పసి చెవియే. బయలు ప్రదేశమున దూరము సగమైనచో ధ్వని 6 డెసిబెళ్లు పెరుగును. తండ్రికి ఇంపుగా నున్న ధ్వని బిడ్డకు పోటుగా నుండును.

పాట కొఱకు గాక పొట్ట కొఱకు బండిపై శబ్దయంత్రము పెట్టుకొనువారును కలరు. ఉల్లిగడ్డలు, కూరగాయలు, స్టీలు సామానులు బండిపై తెచ్చి, నమోదు చేసిన కేకతో వీధివీధిని తిరుగు కుటుంబములవారికి అది వేడుక వస్తువు కాదు. రోజంతయు అఱచి గొంతు పోగొట్టుకొనకుండ కాపాడు సాధనము. వారు పాటల పెట్టె కొనరాదు. మాట దూరము పోవుటకు గంభీరమైన ధ్వని యక్కఱలేదు, స్పష్టత కావలెను. అందుకు బూర ఆకారపు చిన్న మైకు తక్కువ శక్తితోనే యెక్కువ దూరము వినిపించును. దానికి వేఱు బ్యాటరీ యుండుట మంచిది. బూర నడుపువాని వీపు వంకకు గాక ప్రక్కకు తిరిగియుండవలెను. కేకకును కేకకును నడుమ కొంత విరామ ముంచినచో ఇల్లాండ్రు పిలిచిన పిలుపు అమ్మువానికి వినబడును, బేరము తగులును. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వఱకు బహిరంగముగా మైకు వాడరాదనియు, ఆసుపత్రులకు, బడులకు 100 మీటర్ల లోపలి చోటును నిశ్శబ్ద ప్రదేశముగా ప్రకటింపవచ్చుననియు, మైకునకు అధికారుల వ్రాతపూర్వకానుమతి కావలెననియు 2000 నాటి శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. అనుమతి ముందే తీసికొన్న కుటుంబము నిశ్చింతగా తిరుగవచ్చును.

బిగించునపుడు చూడవలసినవి కొన్ని కలవు. తీగలో ఫ్యూజు తప్పక యుండవలెను. తాళము తీసిన వెంటనే పెట్టెయు ఆగునట్లు కలిపించవలెను. హ్యాండిలును రెండువైపులకు పూర్తిగా త్రిప్పి, తీగ బిగిసిపోవుట లేదని చూచుకొనవలెను. బండికి గ్యారంటీ కాలము మిగిలియున్నచో తీగలు కోయించక ముందు అమ్మినవారి నడుగవలెను. వానలో తిరుగు వస్తువు గనుక ఐ.పి. అను అక్షరముల తరువాతి అంకెలు చూడుడు: మొదటి యంకె దుమ్మును, రెండవది నీటిని గూర్చి చెప్పును. 65 అని యున్నచో దుమ్మునకును నీటిధారకును తట్టుకొనును. ఫోనును చేత పట్టుకొని నడుపుట చట్టమున అపాయకరమైన నడకగా నెంచబడును. దారి చూచుకొనుటకు మాత్రము, శ్రద్ధ చెదరకుండునట్లయినచో, 2020 అక్టోబరు నుండి అనుమతి కలదు.

కాబట్టి సోదరీమణులారా, ఇంటివారు అడిగినపుడు ఈ వరుసను చెప్పుడు: ముందు మంచి హెల్మెట్టు, పిమ్మట వెనుక చక్రమునకు కంచె, ఆ పిమ్మట మిగిలిన డబ్బుతో చెవులు మూయని స్పీకరు. పాట ఊరి వీధులలో మెల్లగా విననిండు. రహదారి యెక్కునపుడు ఆపుమనుడు. పిలిచిన వెంటనే పలుకువాడు నడుపు బండిపై వెనుక కూర్చుండుటకు మనకు భయముండదు.